నిలబడిన టెంకాయ

అరచేతిలో టెంకాయ పెట్టుకోని
నడుస్తా ఉన్నా, చెప్పుల్లేకుండా,
కూడేరు పక్క మారెక్క చేన్లో.
పిలక వేళ్ళకల్లా, పొద్దు నడినెత్తిన.
ముప్పై ఏండ్లుగా ఇదే నడక.

చెనక్కాయ పీకేసిన నేల.
కాలికింద ఎండుకాయ ఒకటి చిటుక్కుమంటాది.
వెనకాల మారెక్క, ఆమె వెనకాల తమ్ముడు,
వాని వెనకాల ఏమీ తెలీని నాలుగు మేకలు.
ఎవరూ మాట్లాడరు.
నేను నీళ్ళ మాట వింటా ఉన్నానని వాళ్ళ నమ్మకం.

ఉత్తర మూల, పుట్ట దాటినాక,
టెంకాయ లేచి నిలబడింది.

మారెక్క చెంగు నోటికడ్డం పెట్టుకుంది.
"ఈడేనా వన్నూరప్పా?"

ఈడే, అనాలి.
అంటే అయిపోతాది. రాయి పాతి, సున్నం చల్లి,
వెయ్యినూటపదార్లు జేబులో వేసుకోని
సంగటి తిని అనంతపురం బస్సెక్కొచ్చు.
ఆ పొద్దు మాత్రం నా చేతికల్లా చూసినా.
చూడకూడదు. మా నాయన చెప్పినాడు:
టెంకాయను చూడు, చేతిని చూడొద్దు.
ఇన్నేండ్లకు చూసినా.
బొటనవేలి కింద కండ, ఎలకపిల్ల మాదిరి,
చిన్నగా కదిలింది.

కదిలించింది ఎవరు?

నేను కాదు. నేను అనుకోలేదు.
అనుకోకపోతే నేను కాదా?
పుట్టను చూసింది నా కండ్లే.
పుట్ట పక్క ఎండల్లో గూడా పచ్చగున్న రేగుచెట్టును చూసింది,
మారెక్క మెడలో ఉత్త పసుపుతాడు చూసింది నా కండ్లే.
ఇంట్లో బియ్యం లేవని తెలిసిందీ నాకే.
ఇవన్నీ లోపల కూర్చోని
నన్నడక్కుండా పంచాయితీ తీర్చేసినాయా?
అట్లయితే ఈ నేను ఎవరు,
తలుపు బయట దండోరా వేసే తలారినా?

సుంకన్న మడి గుర్తొచ్చింది.
ఆడ గూడా నిలబడింది టెంకాయ.
ఏడువందల ఇరవై అడుగులు. తెల్ల దుమ్ము.
బండోళ్ళు రాడ్లు ఎత్తుకోని పోతాంటే
సుంకన్న నన్ను తిట్టలేదు.
"గంగమ్మకు మనసు రాలేదులే" అని
మజ్జిగ ఇచ్చినాడు.
ఆ మజ్జిగ ఇప్పటికీ దిగలేదు.
తిట్టింటే దిగేది.

తప్పు గంగమ్మది. అప్పు సుంకన్నది.
నా చెయ్యి గూడా నాది కాదంట.
ఎవరిదీ కాని చెయ్యి
మూడు లచ్చలు మింగుతాదా?

టెంకాయ దించినా.
"నాకు తెలీదు మారెక్కా."
"నిలబడింది కదప్పా! మేమంతా చూస్తిమి."
"నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలీదు."
"మరి ఇన్నేండ్లు?"
"ఇన్నేండ్లు గూడా తెలీదు."

తేలికవుతాదనుకున్నా. కాలేదు.
ఆమె ముఖంలో ఒక మంచిమాట కోసం వెతికినా.
చూడు, అప్పుడు గూడా
కూలి అడుగుతానే ఉండాడు లోపలోడు.
తమ్ముడు బస్సు చార్జీ ఇచ్చినాడు, చిల్లర లెక్కపెట్టి.

కత అయిపోలేదు.
పది దినాలకు బెళుగుప్ప నుంచి ఇంకొకడొచ్చినాడు
యాపకొమ్మ పట్టుకోని.
ఆ పుట్ట పక్కనే, నా టెంకాయ నిలబడిన చోటే
వేసినారు బోరు.
మున్నూటెనబై అడుగులకు
రెండించుల నీళ్ళు.

నేను చెప్పింది నిజం. నీళ్ళు పడింది నిజం.
రెండూ ఒకే చేన్లో
ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండా ఉండాయి.
సంతలో ఎదురైతే మారెక్క నవ్వుతాది:
"నోటికాడ కూడు కాలదన్నుకున్నావు గదప్పా."
నేనూ నవ్వుతా.
నీళ్ళు పడకపోయింటే నేను మంచోన్ని.
పడినందుకు ఎర్రోన్ని.
మంచితనం గూడా రాతికింద ఉంటాదేమో,
బండి వచ్చి తవ్వితే గానీ బయటపడదేమో.
ఏమో.
ఆ పొద్దు తెలీనిది తెలీదన్నా.
అంతవరకే నా చేను. అవతల గెనిమ.

రాత్రి నిద్ర పట్టకపోతే
టెంకాయ చేతికి తీసుకుంటా.
మంచం మీద కూర్చున్నా నిలబడతాది ఒక్కోసారి,
ఇంటి కింద నీళ్ళుండాయో
ఒంటిలో ఆశ ఉండాదో.
చెవికాడ పెట్టి ఊపుతా.
లోపల నీళ్ళు కదుల్తాయి.

ఈ ఒక్కటి మాత్రం, మారెక్కా,
రాసిస్తా.