వేలెడు

ఔలు నగరంలో జనవరి. తెల్లవారని తెల్లవారుజాము.
మూతపడ్డ సైకిళ్ళ కొట్టు పైన, మేడమెట్ల మొదట్లో
బూట్లు విప్పుతాం. వాటి మంచు కరిగి
ఎవరి మడుగు వాళ్ళదే.

లోపల ఎవరి పాఠం వాళ్ళది.
పోస్టాఫీసు రీత్తా అప్పుడే శీర్షాసనంలో ఉంది,
పళ్ళ డాక్టరు కొడుకు ఇంకా సూర్యనమస్కారాల్లోనే.
అందరికీ కలిపి ఒక్కసారి చెప్పే మాటంటూ ఇక్కడ లేదు.
నాకదే నచ్చింది. చెప్పినా వినపడదు.

మంచు పగలగొట్టే ఓడ, ఇంజన్ గది, ముప్పై నాలుగేళ్ళు:
కుడి చెవి ఓడకే ఇచ్చేశాను, ఎడమది సగం.
మొదటి రోజే చెప్పాను హిల్క్కాకి.
ఆమె తలూపి అరచేయి నా వెన్ను మీద పెట్టింది.
పీల్చేటప్పుడు కాస్త తేలిక, వదిలేటప్పుడు కాస్త బరువు.
ఆ చేతికో వ్యాకరణం ఉందని
నెల తిరిగితే గాని తెలియలేదు.

రెండో ఏడు మరీచ్యాసనం దగ్గర ఆగిపోయాను.
మోకాలు చుట్టి వెనక్కి పోయిన చేతులు
ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టెకి తడిమినట్టు.
మధ్యన తువ్వాలు. మొదట జానెడు,
వేసవికి బెత్తెడు.
తర్వాతదేమిటని కళ్ళతో అడిగేవాణ్ణి.
ఆమె చాప చుట్టే సైగ చేసేది.
ఇవాళ్టికింతే.

చలి ముదిరాక భుజం బిగుసుకుపోయింది.
ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది హిల్క్కా,
అప్పులవాడు గిన్నెలు పట్టుకుపోయినట్టు.
చివరికి మిగిలినవి నిలబడటం, ఊపిరి.
ఒళ్ళు మండింది. వారం పోలేదు.
ఎనిమిదో రోజు కాళ్ళే మెట్లెక్కాయి.

నిలబడ్డాను.
గొంతులో రాసుకుంటూ గాలి పోతోంది, వస్తోంది.
అప్పుడు వినిపించింది
దవడ ఎముకలో, మడమలో,
ఓడ మీద బేరింగు అరుగుదల పట్టుకున్నట్టే:
ఎడమ పక్కటెముకల కింద ఒక చోట
పట్టి పట్టి వదులుతోంది.
ఎన్నేళ్ళ చప్పుడో అది.
ఇంత మెకానిక్కునీ, నా మూత ఎన్నడూ తీయలేదు.

హిల్క్కా వెనకే ఉన్నట్టుంది.
రెండు వేళ్ళు సరిగ్గా అక్కడే ఆనించింది.

భుజం ముప్పావు వంతు వచ్చింది. తువ్వాలు ఇంకా ఉంది,
వేలెడు.
నిన్న ఆమె తర్వాతి ఆసనం చూపించబోతే
నేనే చాప చుట్టేశాను.
ఆమె నవ్విందో, ఏమన్నా అందో, అది నా కుడివైపు.

కిందికొచ్చి చాలాసేపటికి చూసుకున్నాను,
ఎవరి మడుగులోనో నిలబడి ఉన్నాను
తడి మేజోళ్ళతో,
ఊపిరి లెక్క తప్పకుండా.