పందొమ్మిది డిగ్రీలు

అది చేపల పెట్టె. తెల్లటి థర్మోకోల్, రెండిటుకలంత.
ఎన్నిసార్లు కడిగినా ఉప్పుచేపల వాసన పోలేదు.
"అంత ఎత్తున ముక్కున్నవాళ్లు ఎవరుంటార్లే"
అన్నాడు కారెల్, పంటితో టేపు తెంపుతూ.

లోపల రెండు కెమెరాలు, ఒక రేడియో.
పీడనానికొకటి, వేడికొకటి, చిటికెనవేలంత సెన్సర్లు.
మూత మీద బిర్గిట్ మూడు భాషల్లో రాసింది:
భయపడకండి, ఇది బాంబు కాదు,
బడిపిల్లలది, దయచేసి ఫోన్ చేయండి.
రష్యన్‌లో ఒక అక్షరం తిరగబడింది.
ఎవరమూ చూసుకోలేదు.

విల్యాంది బడి మైదానం. అక్టోబరు. పొద్దున ఏడు.
గడ్డి మీద మంచు, మంచు మీద పాత దుప్పటి,
దుప్పటి మీద ముడతలు ముడతలుగా బెలూను.
చేతి జిడ్డు తగిలితే పైకెళ్లాక చిరుగుతుందని
అందరం తొడుగులు వేసుకున్నాం, పురుడు పోసేవాళ్లలా.
మెడకి నీళ్ల సీసా కట్టి తూచాం.
సీసా నేల వదిలిందా,
చాలు, హీలియం కట్టేయ్.

ఒకటీ రెండూ మూడూ అని వదలాలనుకున్నాం.
రెండు దగ్గరే ఊర్వె టీచర్ చేయి జారింది.

కారు నాది. నడిపింది నేను.
కిటికీలోంచి యాంటెనా బయటికి పెట్టి
బిర్గిట్ అంకెలు చదువుతోంది:
పదకొండు కిలోమీటర్లు, మైనస్ యాభై ఆరు.
ఇరవై.
ముప్పై.
పైన ఇల్లంత ఉబ్బి ఉంటుందిప్పుడు, అంది.
ముప్పై ఒకటి దాటాక అంకెలు
గబగబా వెనక్కి నడిచాయి.
పగిలింది. మాకేం వినబడలేదు.

గాలి తూర్పుకి. తూర్పున పెయిప్సి సరస్సు.
సరస్సు నడిమధ్య సరిహద్దు.
అవతల పడితే చేపల పెట్టెకి వీసా ఎవరిస్తారు?
నవ్వాం. ఎవరి నవ్వూ గొంతు దిగలేదు.
నాలుగువందల పది మీటర్ల దగ్గర
రేడియో మాట మానేసింది.
మ్యాపులో అక్కడ దారుల్లేవు,
అంతా బురదనేల.

అడుగేస్తే నేల నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదులుతుంది.
మోకాలిదాకా దిగిన కారెల్ బూటు
ఇంకా అక్కడే ఉంది.
మూడింటికి కనబడింది నారింజ రంగు పారాచూట్,
గాలికి కాదు, ఒక మొద్దు మీద
ఉతికిన పంచెలా నాలుగు మడతలేసి.
పక్కన క్రాన్‌బెర్రీల బకెట్టు,
బకెట్టు పక్కన దూది కోటులో ఒక ముసలామె,
ఒళ్లో మా పెట్టె.
పేరు ఉస్తీన్యా అంది. సరస్సు ఒడ్డు ఊరు.
ఫోనుంది, సిగ్నల్ లేదు, అందుకే కూర్చున్నానంది.
ఉల్లిపాయల జడ ఒకటి మా చేతికిచ్చి వెళ్లిపోయింది.
మేమివ్వాల్సింది ఏదో ఉండి ఉంటుంది,
తోచలేదు.

రాత్రి బడిలో గ్రాఫ్ గీశాం.
ఎక్కినంతసేపూ బాగుంది, దిగినంతసేపూ బాగుంది.
బురదలో నాలుగు డిగ్రీలు.
ఒంటిగంటా ఇరవైకి మాత్రం గీత పైకి లేచి,
పందొమ్మిదికెళ్లి, అక్కడే కూర్చుంది.
గంటకు పైగా.
సెన్సర్ చెడిందన్నాడు కారెల్.
ఆ ముక్క కొట్టేద్దామన్నాడు.

రెండో కెమెరా ఇంకా తిరుగుతూనే ఉందప్పుడు.
బొమ్మ లేదు, చీకటి.
గుడ్డకి గుడ్డ రాసుకునే చప్పుడు.
తర్వాత దగ్గరగా, మరీ దగ్గరగా, రష్యన్‌లో ఒక గొంతు.
ఊర్వె టీచర్ మెల్లగా చెప్పింది:
"చల్లబడిపోయావు గదరా.
ఎంత దూరాన్నించి వచ్చావో ఏమో.
ఉండు. నీవాళ్లు వస్తారు."

నల్లటి ఆకాశం, దాని కింద వంపు తిరిగిన భూమి
ఇప్పుడు బడి గోడ మీద ఉన్నాయి,
వచ్చినవాళ్లందరూ దాన్నే చూస్తారు.
నేను పెట్టె మూత చూస్తాను.
తిరగబడ్డ అక్షరం మీద
క్రాన్‌బెర్రీ రసంతో, వేలితో,
ఎవరో సరిదిద్దిన ఎర్ర గీత.