చెంబెడు మంచినీళ్ళు

సూర్యారావుపేట ల్యాబులో పొద్దంతా
ముక్కూ మొహం తెలియనివాళ్ళ నెత్తుట్లో ఉప్పెంతో చూసి
రాత్రి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా
ఈ మూడడుగుల గాజుపెట్టెలో ఉప్పెంతో చూస్తాను.
రిఫ్రాక్టోమీటరు మీద ఒక్క చుక్క.
ట్యూబులైటు వైపెత్తి, ఒక కన్ను మూసి.

"ఇంట్లోనూ ల్యాబేనా సలోమీ" అంటాడు ప్రభుదాసు
పప్పులో చేతి అంచనాతో ఉప్పేస్తూ.
అతని చెయ్యి తప్పదు. నాకే గీతలు కావాలి.

కుళాయిలో వచ్చేది కృష్ణే.
బ్యారేజీ దగ్గర కాసేపాగి, బ్లీచింగు వాసనతో
కృష్ణలంకలో మా మూడో అంతస్తెక్కుతుంది.
హంసలదీవి దాకా నడిస్తే దానంతటదే సముద్రమయ్యేది.
నేనే ఆగలేక
ఫిల్టరు పట్టి, బకెట్టుకింతని తూచి కలిపి
తెల్లారేసరికి సముద్రం చేస్తాను.

మే నెలలో జరిగిందా తప్పు.
అప్పట్లో వారానికోసారైనా కొలిచేదాన్ని కాదు.
రోజూ అద్దం మీద వేలెడు తగ్గేది.
తగ్గింది సముద్రమే కదా అని
సముద్రమే పోశాను, చెంబు మీద చెంబు.
ఎండ నీళ్ళే తాగుతుంది, ఉప్పు ముట్టదు.
చినగంజాం ఉప్పుమళ్ళ గట్టున పెరిగినదాన్ని,
నాన్న చెక్కపలకతో తెల్లగా ఉప్పు లాగుతుంటే
కుప్పల చుట్టూ ఆడుకున్నదాన్ని,
నాకు తట్టలేదు.

ముందు రొయ్యకి తెలిసింది.
రాతి కింద ఒరిగి పడుంది,
మీసాలు మాత్రం నీటి వాలుకి ఊగుతూ.
క్లౌను చేపలు రెండూ మూల చేరి మొప్పలెగరేస్తున్నాయి.
1.031.

మంచినీళ్ళ బకెట్టు ఎత్తి గుమ్మరించబోయి
ఆగిపోయాను.

అంతకు వారం ముందే, కంకిపాడు నించి ఒక పెద్దాయన.
సోడియం నూట పన్నెండు.
కాగితం పట్టుకు పరిగెడితే
డాక్టరుగారు సెలైను చక్రాన్ని ఇంకాస్త బిగించి
"రోజుకి ఎనిమిది దాటకూడదమ్మా,
ఒక్కసారే ఎక్కిస్తే మెదడు ఓర్చుకోదు" అన్నారు.
మర్నాడు నూట పద్దెనిమిది. ఆ మర్నాడు నూట ఇరవై నాలుగు.
నాలుగోనాడు మజ్జిగ కావాలని గొడవ చేశాడట.

బకెట్టు దించి చెంబు అందుకున్నాను.
పొద్దున మూడు తోడి మూడు పోసి,
రాత్రి మూడు తోడి మూడు పోసి.
1.030.
అలా ఆరు రోజులు.
మూడోనాడు కరెంటు పోయి నీళ్ళు వేడెక్కుతుంటే
ప్రభుదాసు స్టూలేసుకుని తాటాకు విసనకర్రతో విసిరాడు.
"విసిరితే ఇంకా ఆవిరైపోతాయి" అన్నాను.
"పోతే పోద్దాంలే,
మంచినీళ్ళేగా."

రొయ్య దక్కలేదు.
అద్దం మీద ఇప్పుడు స్కెచ్చుపెన్ను గీత ఉంది,
దాని పక్కనే తుడిచినా మళ్ళీ పూసే తెల్లటి ఉప్పు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.
దగ్గొచ్చేదాకా నవ్వి,
"మరి మన మళ్ళో నీళ్ళన్నీ
ఎక్కడికి పోయాయనుకున్నావే ఇన్నాళ్ళూ" అన్నాడు.