నీటిమట్టం, అరచేతిల

సిరొంచల వాన పట్టి మూడొద్దులు.
గేజీ గదిల కంప్యూటర్ ఒక్కటే మేల్కొని
పావుగంటకోసారి ప్రాణహిత ఎంత పెరిగిందో
నల్లటి తెర మీద పచ్చ అంకెలు పేరుస్తది.
అది నడుస్తుందా ఆగిందా చూడనీకె
రాత్రికి రెండుమార్లు గొడుగేసుకొని పోవుడు నా నౌకరి.
గొడుగు పేరుకే.

గడ్చిరోలి నుంచి వైరాగడే సాహెబ్ ఫోన్ జేసి
మరాఠీల మొదలువెట్టి హిందీల ఆగిండు:
ఒక టూల్ ఉన్నది, ఎక్కించుకో,
టెర్మినల్ నీ ఫోన్లకే వస్తది.

ఎక్కించిన.
ఒక్క లైను కమాండ్. మూడుసార్లు తప్పింది.
ఒకసారి గీతకు బదులు చుక్క కొట్టిన,
ఒకసారి కరెంటు పోయింది,
ఇంకోసారి ఏం తప్పో ఇప్పటికీ తెల్వదు.
నాలుగోసారి శాతాలు నత్తలెక్క పాకి
తొంభైతొమ్మిది కాడ కూసున్నయ్.
నేనూ కూసున్న.

ఆఖరికి తెర నిండ నలుపు తెలుపు గళ్ళు,
గొంగడి అంచు చింపి అతికించినట్టు.
ఫోన్ కన్ను దాని ముందర పెట్టిన.
టిక్కుమన్నది.
ఇక్కడ ఒక అక్షరం కొడితే అక్కడ పడ్డది
ఎవరూ కూసోని కుర్చీ ముందర.
జరంత భయమేసింది, అబద్ధమెందుకు.

ఫోన్ల కంట్రోల్ మీట ఉండదు.
టూలే అడుగున ఒక వరుస కలిపి ఇచ్చింది.
నా బొటనవేలికి అది చిన్నగైంది,
గోరుతోని నొక్కుడే.

ఆ రాత్రి మంచంల ఒరిగి చూసుకుంట ఉంటే
"గింత రాత్రి ఎవరు పంపుతున్నరు?" అన్నది శంకుబాయి.
"నది."
"ఏం రాసింది?"
"నూటనాలుగు పాయింట్ రెండు."
"మంచిగనే ఉన్నది" అని అటు తిరిగింది.

మర్నాడు కాళేశ్వరం దిక్కు పోతుంటే
గోదారి వంతెన నడుమ టవర్ మారింది,
తెలంగాణకు స్వాగతమని మెసేజొచ్చింది,
లైను తెగింది.
అవతలి ఒడ్డున మళ్ళ తెరిస్తే
సెషన్ ఎక్కడ వదిలిన్నో అక్కడనే,
సగం కొట్టిన కమాండ్ చివర
కర్సర్ మిణుకు మిణుకుమంట.

రెండొద్దులైనంక, రాత్రి రెండింటికి
అంకె మారలే.
రెండుంబావుకు అదే. రెండున్నరకు అదే.
పక్కన ప్రతిసారీ ఓకే, ఓకే.
రేకుల మీద వాన మాత్రం ఓకే అంటలేదు.

లేచి ఉరికిన.
రేవు మెట్ల కాడ, టార్చి వెలుతురుల,
ఆరిగెల మదనయ్య అప్పటికే మోకాలిలోతున నిలవడ్డడు.
రిటైరై ఆరేండ్లు. ఎవరూ పిలువలే.
సెన్సార్ మూతికి గడ్డి, బురద,
ఎవరిదో చీరపేలిక.
ఆయన గేజీ రాయి మీది గీతలు వేలితోని తడిమి
"నూటఆరు పాయింట్ ఏడు, వేస్కో" అని అరిచిండు.

వేస్కున్న.
చినుకులు తాకి తెర తనంతట తానే
అక్షరాలు కొడుతుంటే
అంగికి తుడుచుకుంట, చెరుపుకుంట.
తాళమేసిన గదిల మదనయ్య గొంతు
పచ్చ అంకెలై పడ్డది.

"అందిందా?"
ఫోన్ ఎత్తి చూపిచ్చిన.
కండ్లద్దాలు ఇంటికాడ మర్చిపోయి వచ్చిండు.
"చదివి చెప్పు" అన్నడు.