అతుకు

ఏప్రిల్ నెలాఖరుకల్లా
లైను పక్కన కొమ్మ ఉండకూడదు.
గాలీవానా దిగకముందే నరకాలి.
ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే,
బన్నేరుఘట్ట అడవి తోక వచ్చి
లేఅవుట్ గోడకు ఆనుకునే చోట.

పోయినేడు నరికిన దిరిసెన కొమ్మ
ఎవరిదని నేను అడగలేదు.
చెట్టుదే అనుకున్నా.

మూడో రాత్రి ఫోను, కరెంటు లేదని.
లైను ఆపించి నిచ్చెన ఎక్కితే
తీగ మీద పిడికెడు బూడిదరంగు.
పట్టు వదల్లేదు.
వేళ్లు అచ్చం పసిబిడ్డవే, గోళ్లతో సహా.
"ఏందన్నా, ఉడతా?" కింద నుంచి గంగులప్ప.
నేను పలకలేదు.
తువ్వాల్లో చుట్టి దించాను.
నా నడుముకున్న కటింగ్ ప్లయరే
దానికన్నా ఎక్కువ తూగుతుంది.

దేవాంగపిల్లి.
మా కులం పేరు దానికెందుకని
చిన్నప్పుడు అడిగితే అవ్వ నవ్వేది:
"సన్న కాళ్లు, రాత్రంతా నిద్ర లేదు.
మగ్గమోళ్లం కాకపోతే ఇంకెవుర్రా?"
ఆనేకల్లో మాకింకా మగ్గం ఉన్న రోజులు.
పోగు తెగితే బుడ్డి దగ్గరికి జరిగి
వేలికి ఎంగిలి తడి చేసి నులిమేది.
ఆ చీర కట్టుకున్నామెకు
అతుకు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

లెక్కలు రాసుకునే అమ్మాయి, ఇంచర,
తలకు ఎర్రదీపం కట్టుకుని వస్తుంది.
తెల్ల వెలుగు వాటి కళ్లకు కష్టమట.
"కోతి కాదంకుల్, దూకడం రాదు.
ఒక చేతికి పట్టు చిక్కాకే
ఇంకో చెయ్యి వదులుతుంది.
జాలారి మీంచి దిరిసెనకు, అక్కణ్ణుంచి కానుగకు,
చీమలూ పురుగులూ బంకా ఏరుకుంటూ.
నడుమ ఖాళీ వస్తే
ఏది దొరికితే అది పట్టుకుంటుంది."

ఏది దొరికితే అది.
నేను లాగి బిగించిన తీగ.

"అటు నీలగిరి తోటంతా ఖాళీయే కదా?" అన్నా.
ఆమె బెరడు పొర ఒలిచి
దీపం దగ్గర పెట్టింది.
ఒక్క చీమ లేదు.

ఈ ఏడు మళ్లీ ఏప్రిల్.
జాలారి పూత వాసన నిచ్చెన సగానికే తగిలింది.
కత్తి ఎత్తితే, కలివి పొద మీదికి వాలిన గుబురులో
ఒక ఉండ. మోకాళ్లలో తల దాచుకుని
పట్టపగలు నిద్రపోతోంది.

రిజిస్టరులో "కొమ్మలు తీసేయడమైనది" అని రాశాను.
తీగకు దగ్గరివి రెండే తీశాను.
తక్కిన ఖాళీకి, తీగకు బాగా కింద,
దిరిసెన నుంచి కానుగకు కొబ్బరితాడు లాగాను.
ముడి వేసేటప్పుడు
వేలు నోటి దగ్గరికి పోయింది.
గంగులప్ప చూసినట్టున్నాడు, ఏమీ అనలేదు.

సోమవారం ఇంజినీరు లైను చూడ్డానికి వస్తాడు.
తాడు చూస్తే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

పదహారు రాత్రులైంది.
ఎవరూ దాటలేదని ఇంచర రోజూ మెసేజ్ పెట్టేది.
నిన్న మాత్రం ఇంకో ముక్క కలిపింది:
తాడు మీద చీమల బారు,
అటు నుంచి ఇటు.