జెండా పాట

ఆదివారం. దూరవిద్య క్లాసు.
హన్మకొండ ఎండ అప్పటికే కిటికీ దూకి బెంచీ ఎక్కింది.
నలభై మంది రావాలి, పదకొండు మందొచ్చారు:
నైట్ డ్యూటీ దిగి నిద్రకళ్లతో కండక్టర్ వీరస్వామి,
కొత్తవాడలో జంపఖానాలు నేసే అన్నాచెల్లెళ్లు,
తల్లి ఒళ్లో కూచొని నోట్సు నములుతున్న ఒక చంటిది.

కొంరమ్మ వస్తే మాత్రం
అటు చూడకుండానే తెలుస్తుంది.
ముందు బెంచీ నుంచి వెనక్కి ఒకటే తుమ్ములు.
ఎనుమాముల యార్డులో ఇరవై రెండేళ్లుగా మిర్చి ఊడ్చే మనిషి,
ఎన్నిసార్లు జాడించినా
ఘాటు ఆమె కొంగు వదలదు.

నేను గిరాకీ రేఖ గీస్తున్నాను.
ధర ఇటు, సరుకు అటు,
రెండు గీతలూ కలిసిన చోట చుక్క పెట్టి
"ఇదే ధర" అన్నాను,
ఆ చుక్కను నేనే కన్నంత ధీమాగా.

"గా చుక్క పొద్దుగాల్ది సారూ" అంది కొంరమ్మ.
"జెండా పాట ఒక్క కుప్పకే పాడతరు.
పేపర్ల పడేది గదే.
పక్క కుప్పకు తేమ అంటరు, తాలు అంటరు,
అన్నం యాళ్లకు చుక్క కిందికి జారుతది.
మబ్బు పట్టిందా, ఇంగ జూడు."
కాస్త ఆగి,
"కిందవడ్డ కాయ మేం ఊడుస్తం.
గది మీ బొమ్మల యాడుంటది?"

చాక్‌పీసు నా చేతిలో ఉంది.
బోర్డు మీద చోటు కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే యార్డుకు పోయాను.
పదేళ్లుగా మార్కెట్ గురించి పాఠం చెబుతున్నాను,
ఆటో ఎక్కడ మారాలో ఒకరిని అడగాల్సొచ్చింది.
ఎర్రటి కుప్పల మధ్య ఆమె చీపురు పట్టి నడుస్తుంటే
వెనక నోట్‌బుక్కు పట్టి నేను,
ముక్కుకు దస్తీ, కళ్లనిండా నీళ్లు.
"సారు ఏడుస్తుండు" హమాలీలు నవ్వారు.
"ఏడ్వనియ్యుండ్రి, కొత్త అడ్మిషన్" అంది కొంరమ్మ.

పరీక్షలో ఆమెకు ముప్పై నాలుగు.
ఒక్క మార్కు తక్కువ.
పుస్తకంలో ఉన్నట్టు రాయలేదట.
దిద్దిందెవరో తెలియదు,
నేను కాదని మాత్రం చెప్పలేను.
మళ్లీ ఫీజు కట్టింది, చిల్లర నోట్లతో,
కౌంటర్లో గుమాస్తా తుమ్ముతూ లెక్కపెట్టాడు.

ఈ ఆదివారం మళ్లీ అవే గీతలు, అదే చుక్క.
చుక్క కింద, కొంచెం పక్కకు,
చిన్న కుప్ప ఒకటి గీశాను.
దాని పేరింకా రాయలేదు.
ముందు బెంచీలో
ఎవరైనా తుమ్మాక రాస్తాను.