వివరాల గడి

పెన్సిలే. సిరా ఇక్కడ మధ్యాహ్నానికే బిగుసుకుపోతుంది.
మైనపుగుడ్డ అట్ట, పేజీకి ఐదు గడులు:
ఫిల్ము నంబరు, మీటరు, అపెర్చర్, సమయం,
అంచున, అన్నిటికన్నా ఇరుగ్గా, వివరాలు.

నల్లగుడ్డ కింద
తలకిందులుగా వేలాడే ఉష్గులీ బురుజుల్ని సరిచేసుకుంటూ
నేను అంకెలు అరుస్తాను.
బయట ముష్ని రాస్తాడు.
మా అక్క కొడుకు, పన్నెండేళ్లు,
వేళ్లు కత్తిరించిన చేతితొడుగులు.

"పద్నాలుగు. నీడరాయి మీద తొమ్మిది. ముప్ఫైరెండు.
పసుపు ఫిల్టరు. ఒక సెకను."
"ఇంకా?"
"ఇంకేం లేదు."
ఇంకేం లేదంటే వాడు నమ్మడు.

రాత్రి పొయ్యి వెలుగులో పుస్తకం తిప్పితే
పద్నాలుగు: పై కిటికీలో పావురం. పిన్ని చూడలేదు.
పదిహేను: మబ్బు. ఆగాం. ఆగాం. రొట్టె అయిపోయింది.
పదహారు: ఆవు కదిలింది. తప్పు ఆవుది కాదు.

కోప్పడ్డాను.
రేపెప్పుడో తిబిలిసీలో, చీకటిగదిలో
నెగెటివు పలచగా తేలితే
ఎందుకో చెప్పేది అంకె ఒక్కటేరా, అన్నాను.
పెన్సిలు చెక్కుకుంటూ విన్నాడు.
వినడం వరకే.

ఆఖరి సాయంత్రం లమ్‌జీరా ఇంట్లో.
గోడలో బెత్తెడు కిటికీ, మసిబారిన దూలాలు,
ఆవిడ ఒళ్లో రెండు చేతులు, పక్కపక్కన పెట్టిన పనిముట్లలా.
మీటరు ముల్లు నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలి
ఎనిమిది సెకన్లంది.

కానీ వెలుగు సన్నగిల్లితే ఫిల్ముకి చెవుడొస్తుంది.
ఒక్క మాట నాలుగుసార్లు చెప్పాలి.
ఎనిమిదికి ముప్ఫై ఇవ్వాలి.

"ముప్ఫై లెక్కపెట్టేదాకా కదలొద్దు అవ్వా."
"కదిలి ఎక్కడికెళ్తాను?
ఊపిరి తీసుకోవచ్చా?"
"అది తీసుకో."

లెన్సు మూత తీశాను.
ముష్ని లెక్కపెట్టాడు, గట్టిగా, స్వాన్ మాటల్లో,
ఊళ్లో పిల్లలు మరిచిపోతున్నారని
ఆవిడే వాడికి నేర్పిన అంకెలు.
పంతొమ్మిది తర్వాత ఆగిపోయాడు.
పొయ్యిలో ఒక కట్టె కూలింది.
నా చేతిలో మూత.
ఎవరో ఇరవై అన్నారు.
మళ్లీ సాగింది లెక్క.

మార్చి. తిబిలిసీ. ఎర్రదీపం కింద
ముప్ఫైఒకటో నంబరు కాగితం మీద తేలింది.
శాలువా పోగుపోగూ కనిపిస్తోంది,
చేతి నరాలు, మెడకింది పిన్నీసు.
నోరు మాత్రం చెదిరింది,
తడి వేలితో ఎవరో తుడిచినట్టు.

పుస్తకం తీశాను. వివరాల గడి చాల్లేదు వాడికి.
వాక్యం గీత దాటి
సమయం గడిలోకి ఎక్కేసింది,
నా అంకెని తొక్కేసింది:
ఇరవై మర్చిపోయాను. అవ్వ చెప్పింది.

కింద ముప్ఫైయో, ముప్ఫైఆరో
ఎంత తేరిపార చూసినా ఆనవాలు చిక్కదు.
నెగెటివు మాత్రం ఉండాల్సిన దానికన్నా
పిసరంత చిక్కగా ఉంది.